ఎనిమిది రోజుల ద్వీపాంతరవాసం

చిన్నప్పుడు నేను అల్లరి చేస్తే మా అమ్మ బెత్తం తీసేది కాదు. "ఇంకొక్కసారి ఆ పని చేశావంటే అండమాన్‌కు పంపించేస్తాను," అనేది. అండమాన్ ఎక్కడుందో నాకు తెలియదు. ఆమెకూ సరిగ్గా తెలియదు. అక్కడికి వెళ్ళినవాళ్ళు తిరిగి రారన్నది మాత్రం ఇద్దరికీ తెలుసు. ఆ ఒక్క ముక్కకే నేను జామచెట్టు దిగి వచ్చేసేవాణ్ణి.

అటువంటి మా అమ్మతో, "ఈసారి సెలవులకు అందరం అండమాన్ వెళదామమ్మా," అన్నప్పుడు ఆమె చేతిలోని చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది.

"మనం ఏం నేరం చేశాంరా?" అన్నది.

మా ఆవిడా, అమ్మాయీ పడీపడీ నవ్వారు. సెలవు పెట్టి, డబ్బు పోసి, పెట్టెలు సర్దుకుని జనం ఇప్పుడు అక్కడికి సరదాకు వెళుతున్నారంటే ఆమె నమ్మలేదు. అమ్మాయి సెల్‌ఫోనులో నీలాల్లాంటి నీళ్ళూ, పిండి ఆరబోసినట్టున్న ఇసకా చూపించింది. అటూ ఇటూ తిప్పి చూసి, "నీళ్ళు బాగానే ఉన్నాయి. తిరుగు టికెట్టు కూడా ఇప్పుడే కొనెయ్యండి," అని ఒప్పుకున్నది. కొనేశాం. చెప్పొచ్చేదేమంటే, ఈ కథంతా ఆ తిరుగు టికెట్టుదే.

2023 నవంబరు నెలాఖరు. కాకినాడ నుంచి చెన్నై చేరి, అక్కడ విమానం ఎక్కితే రెండు గంటల పైచిలుకులో పోర్టుబ్లెయిర్‌లో దిగాం. అప్పటికి ఆ ఊరి పేరు పోర్టుబ్లెయిరే. శ్రీ విజయపురం అని మార్చింది 2024 సెప్టెంబరులో. ఒకప్పుడు ఖైదీలకు రోజుల తరబడి పట్టిన ప్రయాణం మాకు ఒక కునుకులో అయిపోయింది. అమ్మ కిటికీలోంచి కిందకు చూసి, "ఇంత నీళ్ళు దాటించి పంపారన్నమాట," అని ఊరుకున్నది.

మొదటిరోజే మేం మోసపోయాం. మోసం చేసింది మనుషులు కాదు, గడియారం. భోజనాలు చేసి, కాస్త నడుం వాల్చి, తాపీగా ముఖాలు కడుక్కుని, సూర్యాస్తమయం చూద్దామని సాయంత్రం అయిదుంబావుకు బయలుదేరాం. తీరా చూస్తే బయట చీకటి! మన దేశం మొత్తానికీ గడియారం ఒక్కటే కదా. ఆ గడియారానికి ఆధారమైన రేఖ మా కాకినాడకు దగ్గరగానే పోతుంది. అండమాన్ దీవులు దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున నలభై నిమిషాలు ముందుగానే అక్కడ పొద్దు పొడుస్తుంది, ముందుగానే కుంకుతుంది. నవంబరు నెలాఖరులో అయితే అయిదు కాకుండానే సూర్యుడు దుకాణం కట్టేస్తాడు. కనక వెళ్ళదలచుకున్నవారు మధ్యాహ్నపు నిద్ర ఇంటిదగ్గరే వదిలివెళ్ళండి.

ఆటో ఎక్కి మా ఆవిడ నోటికొచ్చిన హిందీలో బేరం మొదలుపెట్టింది. ఆటో అబ్బాయి అంతా విని, "తెలుగులోనే చెప్పండమ్మా, మాది సిక్కోలు," అన్నాడు. వాళ్ళ తాతగారు చేపలవేటకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు. రేవుదగ్గర, కూరల బజారులో, టీ దుకాణాల్లో మన మాట వినపడుతూనే ఉంది. అమ్మకు సగం భయం అక్కడే పోయింది. "ఇంతమంది వచ్చి హాయిగా ఉన్నారే! మరి తిరిగి రారని ఎందుకన్నారో?" అన్నది. "అందుకే కాబోలు, రాలేదు," అన్నది మా అమ్మాయి.

ఎందుకన్నారో రెండోరోజు సెల్యులార్ జైల్లో తెలిసింది. 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తిచేసిన జైలు అది. సైకిలు చక్రం ఆకుల్లా ఏడు బారులు. ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక్కో గదిలో ఒక్కడే. ఒక బారు గదుల ముఖాలు పక్క బారు వీపువైపు ఉండేటట్టు కట్టారు. మనిషికి మనిషి ముఖం కనపడకుండా చెయ్యడానికి ఎంత ఆలోచించారో! గదిలో ఎక్కడో పైన చిన్న కిటికీ. అందులోంచి సముద్రం చప్పుడు వినపడుతుంది గాని సముద్రం కనపడదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిగారు ఈ జైల్లోనే ఉన్నారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ద్వీపాంతర శిక్ష అనుభవించి, తిరిగివచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ఈ సంగతి చెబితే అమ్మ ముఖం విప్పారింది. "తిరిగొచ్చాడూ?" అని రెండుసార్లు అడిగింది.

నాలుగోరోజు షహీద్ ద్వీపం వెళ్ళాం. 2018 వరకు దాని పేరు నీల్. ప్రభుత్వం వారి పడవలో రెండు గంటల ప్రయాణం. సైకిలు మీద చుట్టిరాగలిగేటంత దీవి. అక్కడి తీరాల పేర్లు వినగానే అమ్మ సొంత ఊరొచ్చినట్టు సంబరపడింది: భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్! అలలు తొలిచిన రాతివంతెన ఒకటి ఉంది. పోటున దగ్గరికి పోలేం, ఆటున నీళ్ళు తగ్గాక రాళ్ళమీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ పోవాలి. రాళ్ళ మధ్య మడుగుల్లో చేపలూ, సముద్రపు దోసకాయలూ. అమ్మ మాత్రం గవ్వలేరడం మొదలుపెట్టింది. దారి చూపించే కుర్రవాడు చేతులు జోడించి, గవ్వలూ పగడాలూ తీసుకుపోకూడదనీ, విమానాశ్రయంలో పెట్టెలు సోదా చేస్తారనీ చెప్పాడు. "ఇది మరీ చోద్యం. ఖైదీలను వదిలేశారు గాని గవ్వలను వదల్లేదా?" అంటూనే ఒక్కొక్కటీ నీళ్ళలో వేసింది.

మా బసకు పక్కనే ఒక బెంగాలీ కుటుంబం ఇల్లు. దేశవిభజన తరువాత, 1949 నుంచి, తూర్పు బెంగాలు కాందిశీకులను ప్రభుత్వం అండమాన్ దీవులకు తెచ్చి భూములిచ్చింది. ఆ ముసలాయన తండ్రి అట్లా వచ్చినవాడే. ఆ దీవిలో కూరగాయలు బాగా పండుతాయి; ఈయనకూ కొంత తోట ఉంది. ఆయన భార్య వంకాయలు బుట్టలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. సాయంత్రం అమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నది. ఆవిడకు తెలుగు రాదు, ఈవిడకు బెంగాలీ రాదు. అయినా రెండు గంటలు మాట్లాడుకున్నారు. వచ్చి, "ఆవిడకు ఇద్దరు కొడుకులు, పెద్దకోడలితో పడదు, ఆయాసం ఉంది, మందు సరిగ్గా వేసుకోదు," అని చెప్పింది. ఎట్లా తెలిసిందమ్మా అంటే, "చెప్పిందిగా!" అన్నది.

అయిదోరోజు మధ్యాహ్నం మేం వెనక్కు వెళ్ళాలి. ఆరోరోజు రెండు గంటలకు విమానం. పొద్దున లేచేసరికి ఆకాశం బూడిదరంగు, సముద్రం దుమ్ములేపుతున్నది. రేవులో పలకమీద సుద్దతో రాసేశారు: ఇవాళ పడవలు లేవు.

మేమొక్కళ్ళమే కాదు, ఓ వందమంది రేవు దగ్గర చేరి సముద్రంమీద విరుచుకుపడ్డాం. ఒకాయన పై అధికారులకు రాస్తానన్నాడు. సముద్రానికి పై అధికారి ఎవరో మరి! టీ కొట్టాయన, అతనూ మన సిక్కోలువాడే, నిదానంగా చెప్పాడు: "2016 డిసెంబరులో తుపానొచ్చి, చూడ్డానికొచ్చినవాళ్ళు వందలమంది ఇక్కడా హేవ్‌లాక్‌లోనూ చిక్కుకుపోతే నేవీ ఓడలొచ్చి తీసుకుపోయాయి బాబూ. మీకు ఒకపూట. మాకు ఎప్పుడూ ఇంతే. ఉప్పు రావాలన్నా పడవే, పెళ్ళికొడుకు రావాలన్నా పడవే."

ఆరోరోజు తెల్లవారేసరికి గాలి తగ్గింది. పొద్దున్నే ఒక పడవ ఉందన్నారు. నిన్న ఆగిన జనం, ఇవాళ వెళ్ళవలసిన జనం ఒక్కటై రేవంతా తిరనాళ్ళలా ఉంది. ఎట్లాగో మా నలుగురికీ టికెట్లు సంపాదించాను. తొమ్మిదిన్నరకు పోర్టుబ్లెయిర్, రెండింటికి విమానం. కొండెక్కినంత సంబరపడ్డాను.

అప్పుడు ఒక మంచాన్ని మోసుకువచ్చారు. మంచంమీద వంకాయల అవ్వ. రాత్రంతా ఆయాసమట. దీవిలోని వైద్యశాలలో చెయ్యగలిగింది చేసి, పోర్టుబ్లెయిర్ పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. రోగికి చోటిచ్చారు, తోడుగా కొడుక్కిచ్చారు. ముసలాయనకు మాత్రం టికెట్టు లేదు. లోపల నిండిపోయింది. ఆయన ఎవరినీ అడగలేదు. మంచంకోడు పట్టుకుని నుంచున్నాడు, అంతే.

నిజం చెప్పుకోవాలి. నేను తల తిప్పుకున్నాను. కొడుకు ఉన్నాడు కదా, ఈయన సాయంకాలం పడవలో వస్తే ఏం పోయింది అనుకున్నాను. నా జేబులో తిరుగు టికెట్లున్నాయి. వాటి వెల నాకు పైసలతోసహా గుర్తుంది.

"నా టికెట్టు ఆయనకిచ్చెయ్యి," అన్నది అమ్మ.

"అమ్మా, విమానం తప్పిపోతుంది. పైగా నిన్నొక్కదాన్నీ ఇక్కడ వదిలి—"

"ఆయన భార్యరా ఆవిడ. మనం ఎవరం? చూడ్డానికొచ్చినవాళ్ళం. రేపు చూసినా ఈ సముద్రమే."

నేను ఏదో అనబోయాను. ఆమె నావంక చూసింది. జామచెట్టు మీద ఉన్నప్పుడు చూసిన చూపు. దిగి వచ్చేశాను.

మా ఆవిడ క్షణంలో లెక్క తేల్చింది. అమ్మాయికి పరీక్ష ఉంది గనక వాళ్ళిద్దరూ వెళ్ళాలి. నేను అమ్మదగ్గర ఉండాలి. గుమాస్తా అమ్మ పేరు కొట్టేసి ముసలాయన పేరు రాశాడు. నా టికెట్టు మరెవరో చంటిబిడ్డతల్లికి పోయింది. ముసలాయన పడవ ఎక్కుతూ వెనక్కు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు, అమ్మవైపు. నాకు ఆ దణ్ణంలో వాటా లేదు; ఉండకూడదు కూడా.

ఆ పగలంతా అమ్మా నేనూ లక్ష్మణ్‌పూర్ ఒడ్డున కూర్చున్నాం. చూడవలసిన చోట్ల జాబితా అయిపోయింది, సెల్‌ఫోనుకు సిగ్నలు లేదు. పోటు రావడం, ఆటు పోవడం మొదటిసారి పూర్తిగా చూశాను. మా నాన్న పోయిన రాత్రి కాకినాడ ఆసుపత్రి వరండాలో తనను బయటే కూర్చోబెట్టేశారనీ, లోపలికి పోనివ్వలేదనీ అమ్మ అప్పుడు చెప్పింది. నలభై ఏళ్ళయింది. నాకు ఇంతవరకు తెలియదు. అడిగే తీరిక నాకెప్పుడూ లేదు, చెప్పే వీలు ఆమెకూ లేదు. అందుకు ఒక దీవీ, పడవ లేని ఒక రోజూ కావలసివచ్చాయి.

ఏడోరోజు పోర్టుబ్లెయిర్ చేరి, తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్ళాం. అవ్వ లేచి కూర్చున్నది. ముక్కుకు గొట్టం ఉంది గాని మాటకు అడ్డంలేదు. ఆవిడ బెంగాలీలో ఏదో అన్నది. మందు వేళకు వేసుకోమని అమ్మ తెలుగులో కోప్పడింది. ముసలాయన టీ తెచ్చాడు. ఎనిమిదోరోజు విమానం ఎక్కాం.

కొత్త టికెట్లు రెంటికీ ఎంతయిందో మా ఆవిడకు పూర్తిగా చెప్పలేదు. ఈ పత్రిక ఆవిడ చదువుతుంది గనక ఇక్కడా చెప్పను. మీకు మాత్రం ఒక సలహా: దీవికి వెళ్ళినప్పుడు, తిరుగు విమానానికి ముందు ఒకరోజు ఖాళీగా ఉంచుకోండి. మనకు షికారు పడవ అయినది అక్కడివారికి రోడ్డు, ఆసుపత్రి బండి, పోస్టు, సంత. దానిమీద మన హక్కు వాళ్ళ తరువాతే.

మొన్న మా అమ్మాయి ఏదో పేచీ పెడితే, పాత అలవాటున, "అండమాన్‌కు పంపించేస్తా జాగ్రత్త!" అన్నాను.

పడకకుర్చీలోంచి అమ్మ అందుకున్నది: "పంపించరా, నేనూ వెళతాను. ఈసారి తిరుగు టికెట్టు కొనకు."