చెవి కుట్టే సూది

పిల్లలూ, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి చెవులు కుట్టించేందుకు పసివాళ్లను తీసుకురావటం మీరు చూసే ఉంటారు. సూది ఒక్కొక్కరికీ కొత్తదై ఉండాలి. ఎందుకంటే, హెపటైటిస్-బి అనే వైరస్ రక్తంలో ఉంటుంది. కంటికి కనబడనంత రక్తంతోనే మరొకరికి పాకగలదు. కాన్పువేళ తల్లినుంచి బిడ్డకూ వస్తుంది.

పెద్దవాళ్లలో చాలామందికి అది దానంతటదే పోతుంది. ఏడాదిలోపు పసివాళ్లకు సోకితే మాత్రం నూటికి 90 మందిలో కాలేయంలోనే తిష్ఠవేస్తుంది. కామెర్లయినా కనబడకపోవచ్చు! ఏళ్ల తరబడి కాలేయకణాలు చస్తూ, వాటి చోట కొత్తవి పుడుతూ ఉంటాయి. ఒకే పాఠాన్ని వెయ్యిసార్లు ఎత్తిరాస్తే తప్పులు దొర్లవూ? కణాల్లోనూ అంతే. పైగా వైరస్ తన జన్యుపదార్థాన్ని కూడా అందులో ఇరికిస్తుంది. అలా కొందరికి, పెద్దయ్యాక, క్యాన్సరు పుడుతుంది.

దీనికి టీకా ఉంది. తైవాన్‌లో 1984 నుంచి పుట్టిన బిడ్డలకు వేస్తే, పిల్లల్లో కాలేయ క్యాన్సరు బాగా తగ్గింది. మనకు విదేశీ టీకా ఖరీదు అందేది కాదు. నెల్లూరు జిల్లావాడైన వరప్రసాదరెడ్డిగారు, డాక్టరు కాదు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, తల్లి పేరిట హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో దాన్ని చౌకగా తెచ్చారు.

మొదటి మోతాదు పుట్టిన 24 గంటల్లో వెయ్యాలి. మీ టీకాల కార్డు అమ్మనడిగి చూడండి.