సెలెక్షన్ ఫొటోలే కాదు, మన తప్పులు కూడా రాద్దాం

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికతో చదవండి.

పోయిన వారం రాత్రి పదకొండింటికి మణికొండలోని ఒక పీజీ నుంచి మన జూనియర్ తమ్ముడు ఫోన్ చేసిండు. ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు. టెస్ట్ డేటాబేస్ అనుకుని అసలు డేటాబేస్ మీద అప్‌డేట్ క్వెరీ నడిపిండట. "అన్నా, చెప్పాల్నా, గమ్మునుండాల్నా?" అన్నడు. గొంతు వణుకుతోంది.

మొదటి ఉద్యోగంలో నేనూ అచ్చం అదే తప్పు చేశా. "నేనేం ముట్టుకోలేదు సార్" అన్నా. రెండు గంటల్లో లాగ్స్‌లో నా పేరు బయటపడింది. డేటా సాయంత్రానికల్లా తిరిగొచ్చింది. నా మీద నమ్మకం మాత్రం ఆ ప్రాజెక్టు అయిపోయేదాకా రాలేదు. ఎందుకు అబద్ధమాడిన? "సీటెట్ల వచ్చిందో తెలుసులే" అనే మాట కాలేజీలో నాలుగేళ్లు విన్నోణ్ణి. ఒక్క తప్పు ఒప్పుకుంటే ఆ మాటే నిజమైతదని భయం. మనలో చాలామందికి ఇదే భయం.

తమ్ముడికి ఒకటే చెప్పిన: ఇప్పుడే లీడ్‌కు ఫోన్ చెయ్యి, ఏ టేబుల్, ఏ టైమ్, ఏ క్వెరీ చెప్పు, ఇంకేం ముట్టుకోకు. తర్వాత గిట్‌ల్యాబ్ సంగతి పంపిన. 2017 జనవరి 31న అక్కడి ఇంజినీరు ఒకరు పొరపాటున అసలు సర్వర్‌లో సుమారు 300 జీబీ డేటా తుడిచేసిండు. బ్యాకప్‌లు చూస్తే ఉండాల్సినవి లేవు. వెర్షన్ తేడా వల్ల బ్యాకప్ ఫెయిలవుతోంది, ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా రిజెక్ట్ అవుతున్నయి. ఎవరూ చూసుకోలేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. కంపెనీ దాచలేదు. రికవరీని యూట్యూబ్‌లో లైవ్ పెట్టింది, కారణాలన్నీ రాసి బయటపెట్టింది. అందులో ఆ ఇంజినీరు పేరు లేదు, "టీమ్ మెంబర్ 1" అనే ఉంది. తప్పు మనిషిది అని ఆగితే ఆ మెయిళ్ల సంగతి బయటికొచ్చేదా?

2014లో అంతర్జాతీయ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సు ఐసీఎస్ఈ మన హైదరాబాద్‌లోనే జరిగింది, మే 31 నుంచి జూన్ 7 దాకా. అంటే తెలంగాణ వచ్చిన వారమే! అందులో ప్రొఫెసర్ల పేపర్లే కాదు, కంపెనీల్లో పనిచేసేవాళ్లు తమ అనుభవాలు చెప్పే విభాగం కూడా ఉంటది. ఇలాంటి పేపర్లు చాలా వరకు ఆర్కైవ్ సైట్‌లోనో, రాసినవాళ్ల పేజీల్లోనో ఉచితంగా దొరుకుతయి. కానీ ఇంగ్లీషు చూసి మనవాళ్లు రెండో పేజీ దాటరు. ఒకరు చదివి నాలుగు ముక్కలు తెలుగులో, కోయలో, లంబాడీలో చెప్తే చాలు.

వేరేవాళ్లకు ఇంట్లో బాబాయో, మేనమామో ఐటీలో ఉంటరు. భోజనాల దగ్గరే ఈ సంగతులన్నీ తెలుస్తయి. మనకు ఉన్నది ఈ గ్రూపు. దీంట్లో నోటిఫికేషన్లు, దండలేసిన ఫొటోలు తప్ప ఏముంది చెప్పండి? (నా ఫొటో కూడా పెట్టారు, కాదనను.)

"అన్నా, కంపెనీ రూల్స్ ఒప్పుకోవు" అంటారు. నిజమే. కోడ్, క్లయింట్ పేరు, స్క్రీన్‌షాట్ ఒక్కటి కూడా పెట్టొద్దు. ఏమనుకుని చేశాం, ఏమైంది, ఎట్ల దొరికింది, తర్వాత ఏం మార్చుకున్నం, ఇవి రాయడానికి కంపెనీ పేరుతో పనే లేదు. పేరు చెప్పుకోలేనివాళ్లు అడ్మిన్‌కు పంపండి.

తమ్ముడు ఆ రాత్రే లీడ్‌కు చెప్పిండు. తిట్లు పడ్డయి. తెల్లారేసరికి డేటా వెనక్కొచ్చింది, ఉద్యోగం ఉంది. తన సంగతి రాస్తానన్నడు. నా అప్‌డేట్ క్వెరీ కథ ఈ ఆదివారం పెడతా. ఆ తర్వాత ఎవరు రాస్తారో కింద చెప్పండి.