వణికే చేతికే మంచి దూర్బీన్

తెలుగు పుస్తకాల్లో ‘దుర్భిణి’ అని చూసి చాలామంది సంస్కృత పదమనుకుంటారు. అది మన దూర్బీనే. ఉర్దూ మీడియం బడిలో మేం చదివిన పదమే. ఫార్సీలో దూర్ అంటే దూరం, బీన్ అంటే చూసేది. పరిందే చూసే షౌక్ కూడా మనకి పరాయిది కాదు. 1930ల మొదట్లో నిజాం రియాసత్‌లో ఊరూరా తిరిగి పక్షుల సర్వే చేసింది డాక్టర్ సలీం అలీయే. సూరె నమ్ల్ చదివిన పిల్లలందరికీ హుద్‌హుద్ పేరు తెలుసు.

ఇప్పుడు బజార్‌లో ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉన్న దూర్బీన్లు దొరుకుతున్నాయి. ధర వినగానే మన ఇళ్లల్లో వచ్చే మొదటి మాట ‘ఇస్రాఫ్’. మామూలు మంచి దూర్బీన్ ధరకి అది కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి ఆ మాట తప్పు కాదు. కానీ నా రాయ్ వేరు. అది ఫుజూల్ ఖర్చా కాదా అన్నది ఎవరి చేతికి ఇస్తున్నామన్న దాన్ని బట్టి తేలాలి.

10x దూర్బీన్ పిట్టని పది రెట్లు దగ్గరికి తెస్తుంది. చేతి వణుకుని కూడా పది రెట్లు చేసి చూపిస్తుంది. స్టెబిలైజేషన్ ఉంటే లోపలి సెన్సర్లు ఆ కదలికని పసిగట్టి, లెన్సునో ప్రిజాన్నో దానికి ఎదురుగా కదుపుతాయి. బటన్ నొక్కగానే బొమ్మ నిలబడుతుంది. కెనాన్ 1990ల నుంచీ ఇలాంటివి తయారు చేస్తోంది.

పాతికేళ్ల కుర్రాడికి ఇది అంత జరూరీ కాదు. 8x42 మామూలు దూర్బీన్ చాలు. బ్యాటరీ అక్కర్లేదు, ఫజర్ తర్వాతి మసక వెలుగులో బొమ్మ కూడా బాగా కనబడుతుంది. ఎందుకంటే 42ని 8తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వలయం 5 మిల్లీమీటర్లు దాటుతుంది. కెనాన్ 10x30లో అది 3 మిల్లీమీటర్లే. పైగా దానిలోకి నీళ్లు పోకూడదు. వానాకాలం సఫర్లకి ఇది గుర్తుంచుకోవాలి.

మరి ఎవరికి కావాలి? అమీర్‌పేట, పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో రిటైరై కూర్చున్న అబ్బాలకి, దాదీలకి. కొడుకు కారులో కేబీఆర్ పార్కుకి తీసుకెళ్తాడు. నెమలి అందరికీ కనబడుతుంది. కొమ్మ చివర తేనెపిట్టని మాత్రం అందరూ చూస్తారు, చేతిలో రాషా ఉన్న పెద్దాయన తప్ప. “కనబడింది బేటా” అని మర్యాదకి అనేసి దూర్బీన్ తిరిగి ఇచ్చేస్తారు. మనం నమ్మేస్తాం. అక్కడ పోయేది ఒక పిట్ట కాదు, మనతో కలిసి చూసే ఖుషీ.

అందుకే ఇంటికి ఒకటే కొనాల్సి వస్తే, బాగా వణికే చేతిని బట్టి కొనండి. గట్టి చేతులున్నవాళ్లు ఏ దూర్బీన్‌తోనైనా సర్దుకుంటారు. ధర భారమైతే అన్నదమ్ములు నాలుగిళ్లు కలిసి ఒకటి తీసుకోవచ్చు. రోజూ వాడే వస్తువేం కాదు కదా.

కొనేటప్పుడు పెద్దాయన్ని వెంట తీసుకెళ్లండి. దుకాణం బయట నిలబడి దూరంగా ఉన్న హోర్డింగ్ మీది చిన్న అక్షరాలు చదవమనండి, బటన్ నొక్కి ఒకసారి, నొక్కకుండా ఒకసారి. వణుకు మరీ ఎక్కువైతే ఈ యంత్రం కూడా ఆపలేదు. అది అక్కడే తేలిపోవాలి. కళ్లజోడు ఉంటే ఐ రిలీఫ్ 15 మిల్లీమీటర్లకి తగ్గకుండా చూడండి. బరువు చూడండి. కెనాన్ 10x30 సుమారు 600 గ్రాములు, వాన తట్టుకునే 10x42 కిలో దాటుతుంది. ముసలి మెడకి ఆ తేడా చాలా పెద్దది. ఫుట్‌పాత్ మీద 50x, 60x అని రాసి అమ్మేవాటి జోలికి పోవద్దు.

ఇంకో మాట. చాంద్ రాత్ నాడు పిల్లలు దూర్బీన్ పట్టుకుని మేడెక్కుతారు. సూరజ్ పూర్తిగా అస్తమించేదాకా పడమటి దిక్కుకి ఎత్తనివ్వొద్దు. ఒక్క క్షణం చాలు కళ్లు పోవడానికి.

మన అబ్బాలు మనల్ని భుజాల మీద ఎత్తుకుని జులూసులు చూపించారు. వాళ్లకి ఒక పిట్టని నిలకడగా చూపించడానికి పెట్టే ఖర్చుని నేనైతే ఇస్రాఫ్ అనను.