ఆ అట్లాస్‌కు తాళం వేయొద్దు

మెడికల్ కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరై తగరపువలసలో ఉంటున్నాను. సంగివలసలో మెడిసిన్ చదివే పిల్లలు అప్పుడప్పుడూ పుస్తకాల గురించి అడగడానికి వస్తారు. ఈమధ్య ఒకమ్మాయి తన ఫోన్‌లో మెడ నరాల బొమ్మ చూపించి, ‘ఇంత బాగా ఎవరు గీశారు మేడమ్?’ అంది. అది పెర్న్‌కాఫ్ అనాటమీ అట్లాస్‌లోది. ఎవరిని కోసి చూసి గీశారో కూడా చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

ఆ అట్లాస్ తయారుచేయించిన ఎడ్వర్డ్ పెర్న్‌కాఫ్ నాజీ. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను కలిపేసుకున్నాక వియన్నాలో వైద్య విభాగం డీన్ అయి, యూదు అధ్యాపకులను వెళ్లగొట్టాడు. నాజీల కాలంలో మరణశిక్ష పడినవారి శవాలు కనీసం 1,377 అక్కడి అనాటమీ విభాగానికి చేరాయని 1998లో వియన్నా విశ్వవిద్యాలయమే తేల్చింది. ఆ అట్లాస్ చిత్రకారులు కొందరు తమ సంతకాల్లో స్వస్తిక్, నాజీ దళం ఎస్ఎస్ గుర్తులు కలిపి గీశారు. తర్వాతి ముద్రణల్లో వాటిని చెరిపేశారు. నాకు క్షమించరానిదిగా అనిపించేది ఈ చెరిపివేత. పాత ప్రతుల్లో ఆ గుర్తులు మిగిలి ఉండబట్టే హోవర్డ్ ఇజ్రాయెల్ అనే అమెరికా దంతవైద్యుడు, విలియం సైడెల్‌మన్ అనే వైద్యుడు 1995లో ఆ బొమ్మల వెనకున్న శవాలపై విచారణ కోరగలిగారు.

అందుకే ఇలాంటి పుస్తకాన్ని తూకానికి వేయకూడదు, బీరువాలో పెట్టి తాళమూ వేయకూడదు. శవాల సంగతి తెలిపే కాగితాన్ని వియన్నా విశ్వవిద్యాలయం లైబ్రరీలకు పంపింది. దాన్ని లోపలి అట్ట మీద అతికించాలి. కేటలాగ్‌లోనూ ఆ మాట రాయాలి, ఎందుకంటే ఇప్పుడు పిల్లలు అట్ట తెరవరు, స్కాన్ చేసిన పేజీలే చూస్తారు. సర్జన్‌కు ఆ బొమ్మ అవసరమైతే వాడుకోనివ్వాలి. బాల్యంలో నాజీ శిబిరం నుంచి బతికి బయటపడ్డ రబ్బీ జోసెఫ్ పోలాక్ 2017లో చెప్పిందీ అదే: ప్రాణం కాపాడటానికి వాడొచ్చు, కానీ బొమ్మ ఎక్కడిదో రోగికి చెప్పాలి.

ఇది నాజీల సంగతే అనుకోవడానికి లేదు. 1858 నాటి గ్రేస్ అనాటమీ పుస్తకానికి బొమ్మలు గీసిన హెన్రీ వాండైక్ కార్టర్ ఆ ఏడాదే బొంబాయి వచ్చి మన దేశంలో వైద్యుడిగా పనిచేశాడు. ఆ బొమ్మల వెనక ఉన్నది లండన్‌లో అడిగేవాళ్లు లేక చనిపోయిన పేదల శరీరాలు.

బతికున్నవాళ్లనూ అడగకుండా చేసినదానికి మన ఖమ్మం జిల్లానే చూడండి. 2009లో పాత్ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టులో అక్కడ సుమారు 14,000 మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టిన అంగీకార పత్రాలున్నాయని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. ఆ పిల్లల అమ్మానాన్నలను అడగకపోవడం మాత్రం అన్యాయం. ఆ ప్రాజెక్టు మీద ఏ రిపోర్టు మన లైబ్రరీకి వచ్చినా దాని పక్కనే ఆ సంఘం నివేదిక ఉండాలి.

విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలు సంగివలస దాకా ఉన్న లైబ్రేరియన్లను కోరుతున్నాను. మీ రిజిస్టర్లు ఒకసారి తిరగేయండి. ఇలాంటి పుస్తకం కనబడితే దాని చరిత్ర ఒక పేజీ తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి అతికించండి. కొత్త బ్యాచ్‌కు లైబ్రరీ చూపించే రోజున ఆ పేజీ మీరే చదివి వినిపించండి.