రక్తం చిక్కనైతేనే గడ్డ కడుతుందా?

“రక్తం చిక్కబడింది, వెల్లుల్లి తింటే పలుచబడుతుంది” అన్న సలహా మన ఇళ్లలో తరచుగా వినవస్తుంది. వెల్లుల్లితో నాకు ఎట్టి విరోధమూ లేదు. నా అభ్యంతరమంతా ఆ సలహా వెనుకనున్న ఊహపైనే. రక్తనాళంలో గడ్డ ఏర్పడటం బెల్లపు పాకం ముదరడం వంటిది కాదు. ఎన్నో కణాలు, ఎన్నో ఎంజైములు కలిసి ఆ పనిని నడుపుతాయి. సూక్ష్మజీవులతో పోరాడే తెల్ల రక్తకణాలకు సైతం అందులో వంతు ఉన్నది.

రక్తస్రావాన్ని నిలుపుటకు సంధానం, స్కందనం, పాచనం, దహనం అనే నాలుగు ఉపాయాలను సుశ్రుతుడు సూత్రస్థానంలోనే చెప్పాడు. వగరు ద్రవ్యాలు గాయాన్ని కలుపుతాయి, చల్లదనం రక్తాన్ని పేరుకొనేలా చేస్తుంది, భస్మం పచనం చేస్తుంది, దహనం సిరను ముడుచుకొనేలా చేస్తుంది. ఇవన్నీ గాయం నుండి కారే రక్తానికి సంబంధించినవి. గాయమేమీ కనిపించకుండానే సిర లోపల కట్టే గడ్డ సంగతి వేరు.

19వ శతాబ్దిలో, నేడు ఎస్టోనియాలో ఉన్న టార్టు నగరంలో, అలెగ్జాండర్ ష్మిట్ అనే శాస్త్రజ్ఞుడు రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం తెల్ల కణాల నుండే వెలువడుతుందని భావించాడు. 1882లో ఇటలీకి చెందిన బిజోజెరో ప్లేట్‌లెట్ల పాత్రను నిరూపించిన తరువాత అందరి దృష్టీ వాటిపైకి మళ్లింది. తెల్ల కణాలు చాలాకాలం వెనుకబడిపోయాయి.

2004లో బెర్లిన్ శాస్త్రజ్ఞులు ఒక వింతను ప్రకటించారు. న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం తన కేంద్రకంలోని డి.ఎన్.ఎ. పోగులను వల వలె బయటకు విసరి సూక్ష్మజీవులను బంధిస్తుంది. ఎలాస్టేజ్, కాథెప్సిన్-జి వంటి ఎంజైములు ఆ పోగులను అంటిపెట్టుకొని ఉంటాయి. రక్తం అకారణంగా గడ్డకట్టకుండా అదుపుచేసే ఒక ప్రోటీను మన శరీరంలో ఉన్నది. ఈ ఎంజైములు దానిని ఛేదిస్తాయని, ఇవి లేని ఎలుకలలో గడ్డలు తక్కువగా ఏర్పడ్డాయని 2010లో మ్యూనిక్ పరిశోధకులు చూపారు. అయితే అదే ఎలుకలలో సూక్ష్మజీవులు మరింతగా వ్యాపించాయి. అనగా చిన్న గడ్డ శత్రువును నిలువరించే కోటగోడ. హద్దు మీరితే ఆ గోడే రక్తపు దారికి అడ్డమవుతుంది. మరొక విశేషమేమనగా, ఎలాస్టేజ్ గడ్డలోని ఫైబ్రిన్ పోగులను సైతం తెంచగలదు. ఇన్ని ముఖాలున్న వ్యవహారాన్ని ‘చిక్కన, పలుచన’ అనే రెండు మాటలతో తూచడం సబబేనా?

తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లో గడ్డల భయం ఎందుకు పెరుగుతుందో దీనిని బట్టి కొంత గ్రహించవచ్చు. 2020లో వచ్చిన కోవిడ్ ఈ పాఠాన్ని లోకానికంతటికీ నేర్పింది. కనుక న్యుమోనియా వంటి జబ్బు తరువాత గాని, శస్త్రచికిత్స తరువాత గాని, చాలా రోజులు మంచం పట్టినప్పుడు గాని ఒక కాలి పిక్క వాచి, నొప్పి, వేడి కనిపిస్తే వెచ్చని నువ్వుల నూనెతో మర్దన చేయరాదని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. లోపల గడ్డ ఉంటే అది కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి తేవచ్చు. ఆనాడే వైద్యుని చూడాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, కఫంలో రక్తం కనిపిస్తే క్షణమైనా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి.

“మర్దనతో ఎందరికో నొప్పులు తగ్గాయి కదా” అని పెద్దలు అడగవచ్చు. నిజమే, అలసిన కాళ్లకు అది హాయినిస్తుంది. కాని అభ్యంగం అందరికీ అన్ని వేళలా తగదని మన శాస్త్రమే చెబుతున్నది. కఫం ప్రకోపించినవారికి, శోధన చేయించుకున్నవారికి, అజీర్ణం ఉన్నవారికి వాగ్భటుడు దానిని వర్జ్యమన్నాడు. వేళనూ వ్యాధినీ ఎరిగి చేయడమే ఆయుర్వేదం.

వెల్లుల్లి విషయంలోనూ ఇదే వివేకం కావాలి. కూరలో వేసుకొనే నాలుగు రెబ్బలు ఆహారమే. వార్ఫరిన్, యాస్పిరిన్ వంటి మాత్రలు వాడేవారు వాటికి తోడుగా వెల్లుల్లి గొట్టాలనో, పసుపు సారపు మాత్రలనో వైద్యునికి చెప్పకుండా మింగితే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. వాటిని నమ్మి వైద్యుడిచ్చిన మాత్రను మానడం అంతకన్నా ప్రమాదం. మీ ఇంట ఎవరైనా ఇట్టి మాత్రలు వాడుతూ ఉంటే, వారు తీసుకొనే చూర్ణాలు, లేహ్యాలు, గృహ ఔషధాలన్నీ ఒక కాగితంపై వ్రాసి, ఈసారి వైద్యుని వద్దకు వెళ్లునప్పుడు తప్పక చూపించండి.