నోరు మూసిన అట్ట

షినేడ్ ఓకానర్ పేరెత్తగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే. 1990 నాటి వీడియోలో చెంప మీద జారిన కన్నీటి చుక్క, 1992లో అమెరికన్ టీవీలో ఆమె చింపేసిన పోప్ ఫొటో. 2023 జులైలో ఆమె పోయినప్పుడూ అంతే. ఏ నివాళి చూసినా బాధ, గాయం, తెగువ. పాటలు ఎలా చేసిందన్న మాట మాత్రం వెతుక్కోవాల్సి వచ్చింది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మొదటి ఆల్బమ్ 'ది లయన్ అండ్ ది కోబ్రా' సంగతే తీసుకోండి. 1987లో అది వచ్చేనాటికి ఆమెకి 20 ఏళ్లు. ముందు మిక్ గ్లాసప్ ప్రొడ్యూసర్‌గా రికార్డింగ్ జరిగింది. తన పాటలు అలా వినపడటం నచ్చక దాన్ని పక్కన పెట్టించింది. ఆడపిల్లలా జుట్టు పెంచుకోమంటే గుండు గీయించుకుంది. ఈలోగా కడుపుతో ఉంది. రికార్డు కంపెనీ డాక్టరు గర్భం వద్దని నచ్చజెప్పబోయాడని తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. బిడ్డనీ వదులుకోలేదు, పాటల్నీ వదులుకోలేదు. కెవిన్ మొలోనీతో కూర్చుని, ఈసారి తనే ప్రొడ్యూసర్‌గా అంతా మళ్లీ చేసింది.

అందులో 'ట్రాయ్' వినండి. ఆరున్నర నిమిషాల పాట. గుసగుసలా మొదలైన గొంతు, తీగవాద్యాల మీద మెట్టు మెట్టుగా ఎక్కి అరుపవుతుంది. ఆ అరుపు ఎప్పుడు రావాలి, అందాకా ఎంత బిగబట్టాలి అన్నది ఎవరో ఒకరు తేల్చుకోవాలి కదా? "గుండెల్లోంచి తన్నుకొచ్చిన బాధ" అనేస్తే మన పని తేలిక. ఏడుపుకి ప్రొడ్యూసర్ అక్కర్లేదు మరి! మగ రాక్‌స్టార్ చేసిన రికార్డింగ్ పారేసి మళ్లీ మొదలుపెడితే మేధావి. ఆమె చేస్తే మొండిఘటం.

మరి ఆ బాధ అబద్ధమా అంటారు. ఎందుకవుతుంది? చిన్నప్పుడు తల్లి చేతిలో పడ్డ హింస గురించి ఆమే చెప్పింది. కానీ హింస పడ్డవాళ్లందరూ 'ట్రాయ్' చెయ్యలేదు. చేసిందాన్ని చేసినట్టు ఒప్పుకోవడానికి మనకేం అడ్డం? 1989లో గ్రామీ నామినేషన్ వస్తే అదీ గాత్రానికే.

ఈ ఆల్బమ్‌కి రెండు అట్టలున్నాయి. ఒకదాని మీద నోరు తెరిచి అరుస్తున్నట్టు ఉంటుంది. మరీ కోపంగా ఉందని అమెరికాలో దాన్ని మార్చి, నోరు మూసి చూపు దించుకున్న ఫొటో వేశారు. మన నివాళులన్నీ ఆ రెండో అట్టలే. ఈసారి ఆమె గురించి రాసేవాళ్లు అట్ట తిప్పి, ప్రొడ్యూసర్ పేరున్న చోట మొదలుపెట్టండి.