రెండవ బహుమతి

రాత్రి భోజనములైన పిమ్మట మన నిజామాబాదులో ఏ వీధిని నడచినను, ఏదో యొక యింటనుండి టెలివిజనులో పసివాడో పడుచుపిల్లయో పాడుచున్న పాట వినబడుచునే యుండును. గిన్నెలు కడుగుచు వినువారు కొందఱు. బీడీల చాట యొడిలో పెట్టుకొని, తునికాకు చుట్టుచు, తలయెత్తకయే వినువారు కొందఱు. చేతులు పనికిచ్చి చెవులు పాటకిచ్చుట మన జిల్లా స్త్రీలకు క్రొత్త కాదు. నాట్లలో పాట కలదు, తిరుగలి యొద్ద పాట కలదు, బతుకమ్మనాడు పాట కలదు. క్రొత్తగా వచ్చినది యొక్కటియే: పాట ముగియగానే మార్కులు వేయుట. దానినిగూర్చియే యీ నెల మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఈ పోటీలు మన యిండ్లలో ప్రవేశించి మూడు దశాబ్దములు కావచ్చినది. ఈటీవీ 1995లో మొదలయ్యెను. మఱుసటి యేడు, అనగా 1996లో, ‘పాడుతా తీయగా’ యను కార్యక్రమము ప్రారంభమయ్యెను. దానిని నడపినవారు శ్రీ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు. ఆ పాట నెవరు వ్రాసిరి, ఎవరు స్వరపఱచిరి, అందలి సొగసెట్టిదని ముందు చెప్పి, పిదప బిడ్డ తప్పొప్పులు చెప్పుట వారి పద్ధతి. ‘ళ’కారమును ‘ల’కారముగా పలికినచో విడువక దిద్దెడివారు, కాని నవ్వులపాలు చేసెడివారు కారు. ఉష, గోపికాపూర్ణిమ మొదలగు గాయనులు ఆ వేదికనుండియే లోకమునకు తెలిసిరి. 2020 సెప్టెంబరు 25వ తేదీని బాలసుబ్రహ్మణ్యముగారు పరమపదించిరి. అటుపిమ్మట వారి కుమారుడు చరణ్‌గారు ఆ కార్యక్రమమును చేపట్టిరి.

ఇదిగాక మఱియొక తీరు పోటీ పరదేశమునుండి వచ్చినది. 2001లో ఇంగ్లండులో ‘పాప్ ఐడల్’ అను పేరుతో మొదలై, 2004లో ‘ఇండియన్ ఐడల్’గా హిందీలో అడుగిడెను. ఇందు విజేతను నిర్ణయించుటలో ప్రజల ఓట్లకు పెద్దపీట. 2010లో అద్దంకివాడగు శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ అందులో గెలిచిరి. 2022లో ఇదే పోటీ ‘ఆహా’ ద్వారా తెలుగులోనికి వచ్చెను. మొదటి యేడు వాగ్దేవి, రెండవ యేడు సౌజన్య భాగవతుల గెలిచిరని విని, ఇరువురును స్త్రీలే యగుటచే మనయిండ్లలో నెంత సంతోషించితిమో మీకు తెలియును.

సంతోషింపదగిన సంగతులు పెక్కు కలవు. ఒకప్పుడు ఆడుపిల్ల నలుగురిలో పాడుట తప్పని యెంచిన యిండ్లలోనే, నేడు తండ్రి బిడ్డను వెంటబెట్టుకొని పోటీకి పోవుచున్నాడు. మఱుగున పడిన పాతపాటలు పదేండ్ల పిల్లల నోట మరల వినబడుచున్నవి. వీనిని నేను కాదనను. కాని యీ మధ్య మాయింట జరిగిన యొక చిన్న సంగతి నన్ను చాల కలతపెట్టినది. చెప్పుటకు సిగ్గైనను చెప్పెదను.

మా యక్కగారిది బోధను. భీముడు బకాసురుని చంపిన యేకచక్రపురము అదియేనని అచ్చటివారు చెప్పుకొందురు. 1937లో వెలసి, ఆసియాలోనే పెద్దదని పేరుగాంచిన నిజాము చక్కెర కర్మాగారము ఆ యూరిదే. 2015 డిసెంబరులో అది మూతపడినది. మా యక్క మనుమరాలికి పదునాలుగేండ్లు. ఆమె తండ్రి చిన్న కిరాణా దుకాణము నడుపుకొనుచున్నాడు. పిల్ల గొంతు మంచిది. బడిలో ప్రార్థన ఆమెయే పాడును. వినాయకచవితి పందిరిలో ఆమె పాటకు జనము నిలిచి విందురు. ఇంకేమి! ఇరుగుపొరుగువారు, ‘టీవీకి పంపుడు, మీ కష్టములు తీరును’ అని నూరిపోసిరి. పాపము, ఆ తండ్రికి ఆశ కలిగినది. ఇంటి యప్పు, కూతురి భవిష్యత్తు, అన్నియు నొక్క పాటతో చక్కబడునని తలచినాడు.

ఒక పోటీకి పట్నములో గాయకులను ఎంపిక చేయుచున్నారని విని, తెల్లవాఱక మునుపే బస్సెక్కిరి. వరుసలో నిలిచి నిలిచి మధ్యాహ్నము మూడు గంటలాయెను. లోపలికి పిలిచినవారు, పల్లవి ముగియక మునుపే, ‘చాలునమ్మా’ యనిరి. తప్పేమో చెప్పలేదు, ఒప్పేమో చెప్పలేదు. రాత్రి పదింటికి ఇల్లు చేరిరి. ఆనాటినుండి పిల్ల పాట మానివేసినది. బడిలో ప్రార్థన వేరొకతె పాడుచున్నది.

వేసవి సెలవులలో ఆమె మాయింటికి వచ్చినప్పుడు, ‘ఒక పాట పాడవే తల్లీ’ యని బ్రతిమాలితిని.

‘నన్ను పాడుమనకు అమ్మమ్మా, అందరు నవ్వుతరు’ అన్నది.

‘ఎవరు నవ్విరే? అచ్చటివారా?’

‘వాళ్లు నవ్వలే. మనింట్ల నవ్వుతరు గద, రోజు, టీవీల ఎవరన్న తప్పు పాడితె.’

నాకు నోట మాట రాలేదు. సోదరీమణులారా, ఆమె చెప్పినది నిజము. అంతకు ముందు రాత్రియే, టెలివిజనులో నొక పిల్ల శ్రుతి తప్పగా, ‘ఈ గొంతుతో దీనినెవరు పంపిరే!’ యని నేనే యంటిని. మా కోడలు ఆ పిల్ల చీరను వెక్కిరించినది. మా యబ్బాయి, ‘నాలుగు మార్కులు కూడ దండుగ’ యన్నాడు. అందఱము నవ్వితిమి. మా నడుమ కూర్చున్న పదునాలుగేండ్ల పిల్ల నవ్వినదో లేదో యెవరును చూడలేదు. పట్నములోని న్యాయనిర్ణేతలు ఆమెను త్రోసివేసినది ఒక్కనాడు. మేము ఆమె యెదుట ఎవరినో యొకరిని త్రోసివేయుచున్నది నిత్యము. ఇంటిలోని న్యాయపీఠమే మొదటి న్యాయపీఠము. అచ్చట కూర్చున్నవారము మనము.

అట్లని తప్పు చెప్పరాదని నేననుట లేదు. దిద్దుట లేక విద్య లేదు. శ్రుతి తప్పినదానిని బాగున్నదని పొగడిన, ఆ బిడ్డకు కీడు చేసినవారమే యగుదుము. కాని దిద్దుట వేరు, వెక్కిరించుట వేరు. దిద్దువాడు పాటను చూచును. వెక్కిరించువాడు మనిషిని చూచును. చీర, రంగు, యాస, పండ్లవరుస, తండ్రి బీదతనము, వీనికిని శ్రుతికిని ఏమి సంబంధము? మన తెలంగాణపు యాసతో మాటలాడిన పిల్లను చూచి మనమే నవ్వినచో, ఇతరులు నవ్విరని కోపించుటకు మనకు హక్కెక్కడిది?

ఇక, బహుమతి రానివారి బ్రతుకులేమైనవో ఒకసారి చూతము. ఎస్. జానకిగారు 1956లో ఆకాశవాణివారి లలితసంగీతపు పోటీలో పాడిరి. రాష్ట్రపతి బహుమతి యిచ్చిన ఆ పోటీలో ఆమెకు వచ్చినది రెండవ స్థానమే. మఱుసటి యేడే ఆమె చలనచిత్రములలో పాడనారంభించిరి. తరువాతి కాలమున నాలుగుసార్లు జాతీయ పురస్కారము నందిరి. అటుపిమ్మట కొన్నియేండ్లకు అప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరులో నొక పాటలపోటీ జరిగినది. జానకిగారు అతిథిగా వచ్చిరి. ఒక విద్యార్థికి రెండవ బహుమతి ప్రకటించిరి. మొదటిది అతనికే రావలసినదని జానకిగారు ఆ సభలోనే చెప్పి, ఆ బాలుని ప్రోత్సహించిరి. ఆ బాలుడే బాలసుబ్రహ్మణ్యముగారు. ఈ ముచ్చట వారే పలుమార్లు చెప్పుకొన్నారు. 1966 డిసెంబరులో వారు సినిమాకు తొలిపాట పాడిరి. ఆఱుసార్లు జాతీయ పురస్కారమందిరి.

రెండవ బహుమతి పొందిన యొక స్త్రీ, రెండవ బహుమతి పొందిన యొక బాలునితో పలికిన నాలుగు మంచి మాటలు! మూడు దశాబ్దముల పిదప ఆయన ‘పాడుతా తీయగా’లో ఓడిన బిడ్డతో మెత్తగా మాటలాడుట చూచినప్పుడెల్ల, ఆ మాటలే తిరిగి వచ్చుచున్నవని నాకు తోచెడిది. 2006లో ‘ఇండియన్ ఐడల్’ తుదిపోటీలో మన కారుణ్యకును రెండవ స్థానమే వచ్చెను. అతని పాట ఆగలేదు. 2009లో స్కాట్లండునకు చెందిన సుసాన్ బాయిల్ అను అవివాహిత, నలువది యేడేండ్ల వయస్సున బ్రిటనులో నొక పోటీకి నిలువగా, ఆమె వేషమును చూచి సభవారు మొదట నవ్విరి. పాట మొదలిడగానే లేచి నిలువబడిరి. తుదకామెకును వచ్చినది రెండవ స్థానమే. అయినను లోకమంతయు విన్నది ఆమె పాటనే.

ఇవి చెప్పుట ‘ఓడినవారందఱును గొప్పవారగుదురు’ అని బుజ్జగించుటకు గాదు. ఓడినవారిలో పెక్కుమంది పేరు మనము మరల వినము. నే చెప్పవచ్చినది, ఒకనాటి తీర్పు గొంతునకు తుది తీర్పు కాదని. అది కాదని బిడ్డకు తెలియవలెనన్న, ఇంటిలో నెవరైన నొకరు జానకిగారి వలె నోరు తెఱచి చెప్పవలెను.

మఱియొక సంగతి. టెలివిజనులో మనకు కనబడునదంతయు జరిగినది జరిగినట్లు కాదు. తఱచు కొన్ని వారముల భాగములను కొద్ది దినములలోనే చిత్రించి, కూర్చి, కత్తిరించి చూపుదురు. తల్లి కన్నీటిని దగ్గఱగా చూపి, వెనుక వీణ మీటుదురు. ఆ కన్నీటిని చూచి ఓటు వేయుచున్నామో, గొంతును విని వేయుచున్నామో మనకే తెలియదు. పసిపిల్లలచేత వయస్సునకు తగని పాటలు, ఆటలు చేయించుట యింకను చెడ్డది. కేంద్ర ప్రభుత్వమువారు సైతము 2019 జూనులో పిల్లలను అట్లు చూపవలదని టెలివిజను సంస్థలను హెచ్చరించిరి. ప్రభుత్వము చెప్పవలసివచ్చుటకు మునుపే తల్లులు చెప్పవలసిన మాట యిది.

కావున, సోదరీమణులారా, ఈ పోటీలను చూడవలదని నేననను; నేనును చూచుచునే యున్నాను. కాని చూచు తీరు మార్చుకొందము. పాట సాగుచున్నంత సేపు నోరు మూసికొని విందము. వీలైనచో కన్నులును మూసికొందము, చీర కనబడదు. పాట ముగిసినపిమ్మట ముందు బాగున్నదేదో పిల్లలచేత చెప్పింతము, పిదప తప్పు. పోటీకి పంపదలచినచో, అచ్చట నిమిషమైనను పాడనీయకపోవచ్చునని ముందే చెప్పి పంపుదము. అప్పు చేసి పంపవలదు. పరీక్షలు మానిపించి పంపవలదు. ముఖ్యముగా ఇంటి బరువును బిడ్డ గొంతు మీద పెట్టి పంపవలదు. సంగీతము నిజముగా నేర్వగోరువారికి మన నిజామాబాదులో ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాల కలదు. అచ్చట నేడాది పాటు స్వరములు దిద్దించుకొన్న, పట్నములో వరుసలో నిలిచినదానికన్న ఫలమెక్కువ.

మొన్నటి సద్దుల బతుకమ్మనాడు నేను బోధనులోనే యుంటిని. తంగేడు, గునుగు, బంతిపూలు పేర్చి, ఆడువారందఱును చుట్టును తిరుగుచుండిరి. బతుకమ్మ పాటకు న్యాయనిర్ణేతలు లేరు. ఒకరు చెప్పిన, పదిమంది యందుకొందురు. గొంతు బొంగురైనను ఎవరును ‘చాలునమ్మా’ యనరు. మా యక్కయే పాట చెప్పుచుండినది. డెబ్బది దాటిన మనిషి, నడుమ నొక చరణము మఱచి నిలిచిపోయినది. చప్పట్లు ఆగలేదు గాని పాట ఆగినది. అంతలో వెనుక వరుసనుండి ఆ చరణమును ఎవరో యందించిరి. చూడగా మా పిల్ల.

ఆ యొక్క చరణమే. తరువాత మరల అందఱితో బాటు అందుకొనుటయే గాని, ముందు పాడలేదు. నేనును పాడుమని యడుగలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట టెలివిజను పెట్టగా, ఎవరో చిన్నవాడు శ్రుతి తప్పెను. మా యక్క నా వంక చూచినది. ఇరువురము మాటలాడక విన్నాము.